పెంపుడు జంతువులతో విదేశాలకు తరలివెళ్ళడం - చట్టపరమైన నిబంధనలు

విదేశాలలో స్థిరపడబోయే కుటుంబం తాను పెంచుకొంటున్న కుక్కను, పిల్లిని లేదా మరొక ప్రాణిని వెంట తీసుకొనిపోవాలంటే రెండు దేశాల చట్టాలకు లోబడవలసి ఉంటుంది. బయలుదేరే దేశం ఆ జంతువు ఆరోగ్యంగా ఉన్నదని ధ్రువీకరించాలి. చేరబోయే దేశం దానిని లోనికి రానివ్వడానికి సమ్మతించాలి. ఈ రెండింటిలో రెండవదే కష్టతరమైనది. భారతదేశం నుండి వచ్చే కుక్కలను, పిల్లులను అనేక దేశాలు రేబీస్ ప్రమాదం ఎక్కువగా ఉన్న ప్రాంతం నుండి వచ్చినవిగా పరిగణిస్తాయి. అందువలన మైక్రోచిప్, టీకా, రక్తపరీక్ష, నిరీక్షణ కాలం, ఆరోగ్య ధ్రువపత్రం అనే ఐదు అంశాలు ఒక నిర్ణీతమైన వరుసలో పూర్తి కావాలి. వరుస తప్పినట్లయితే చేసిన పనిని మళ్ళీ మొదటి నుండి చేయవలసి వస్తుంది. హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వంటి ప్రాంతాల నుండి విదేశాలకు తరలే కుటుంబాలకు వర్తించే ప్రధాన నిబంధనలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

నేపథ్యం

జూబ్లీహిల్స్, దానిని ఆనుకొని ఉన్న ఫిల్మ్‌నగర్ హైదరాబాదు నగరపు పశ్చిమ భాగంలో ఉన్నాయి. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన తరువాత ఈ కొండల పరిసరాలలోనే అన్నపూర్ణ స్టూడియోస్, పద్మాలయా స్టూడియోస్, రామానాయుడు స్టూడియోస్ వెలిశాయి. నటులు, నిర్మాతలు, సాంకేతిక నిపుణులతో పాటు సాఫ్ట్‌వేర్ రంగానికి చెందిన కుటుంబాలు కూడా ఇక్కడ స్థిరపడ్డాయి. ఇళ్ళలో కుక్కలను పెంచుకోవడం, పిల్లలు చదువులకో ఉద్యోగాలకో విదేశాలకు వెళ్ళడం ఈ ప్రాంతంలో సర్వసాధారణం.

జంతు సంక్షేమానికి కూడా ఈ ప్రాంతం పేరు పొందినది. నటి అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ సంస్థ జూబ్లీహిల్స్ కేంద్రంగా పనిచేస్తున్నది. గాయపడిన జంతువులకు చికిత్స, వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు, అనాథ జంతువుల దత్తత ఈ సంస్థ కార్యక్రమాలలో ముఖ్యమైనవి. చలనచిత్ర ప్రముఖుల పెంపుడు జంతువులు కూడా ప్రజలకు సుపరిచితమే. నటుడు రామ్ చరణ్ మైనపు విగ్రహాన్ని మేడమ్ టుస్సాడ్స్ సంస్థ 2025 మే నెలలో లండనులో ఆవిష్కరించినపుడు, ఆయన పెంపుడు కుక్క రైమ్ ప్రతిరూపం కూడా అందులో చోటు చేసుకొన్నది. ఆ విగ్రహం తరువాత సింగపూరుకు చేరినది. మైనపు బొమ్మకు ఇటువంటి ప్రయాణం సులభమే. ప్రాణమున్న కుక్కను సరిహద్దు దాటించడానికి మాత్రం, అది ఎవరి ఇంటిదైనా, నెలల తరబడి సన్నాహం అవసరమవుతుంది.

కుటుంబసభ్యుల వీసాల గురించి ముందుగానే ఆలోచించేవారు కూడా జంతువు సంగతిని చివరి నెలకు వాయిదా వేయడం తరచుగా జరుగుతుంది. అప్పటికి నిరీక్షణ కాలానికి వ్యవధి మిగలదు. జంతువును బంధువులకు అప్పగించడం, శరణాలయంలో విడిచిపెట్టడం, లేదా ఇంటిల్లిపాదీ వెళ్ళిపోయి ఒకరు మాత్రం దాని కొరకు ఆగిపోవడం - ఈ మూడింటిలో ఏదో ఒకటి చేయవలసి వస్తుంది.

నిబంధనలకు మూలం - రేబీస్

పెంపుడు జంతువుల ప్రయాణ నిబంధనలలో అధిక భాగం ఒకే ఒక వ్యాధిని దృష్టిలో ఉంచుకొని రూపొందించినవి. రేబీస్ అనేది వైరస్ వలన కలిగే వ్యాధి. వ్యాధి సోకిన జంతువు కాటు ద్వారా, లాలాజలం ద్వారా ఇది మనుషులకు వ్యాపిస్తుంది. లక్షణాలు కనిపించిన తరువాత ఇది దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది దీని వలన మరణిస్తున్నారు. ఈ మరణాలలో దాదాపు 36 శాతం భారతదేశంలోనే సంభవిస్తున్నాయని కూడా ఆ సంస్థ పేర్కొన్నది. 2030 నాటికి కుక్కల ద్వారా వ్యాపించే రేబీస్‌ను నిర్మూలించాలనే లక్ష్యంతో భారత ప్రభుత్వం 2021 సెప్టెంబరు 28న జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది.

ఈ వ్యాధి పొదిగే కాలం నిర్దిష్టంగా ఉండదు. వైరస్ ప్రవేశించిన కుక్క వారాల తరబడి, ఒక్కొక్కసారి నెలల తరబడి పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చును. కాబట్టి విమానాశ్రయంలో ఒక్కసారి పరీక్షించి చూసినంత మాత్రాన జంతువు వ్యాధి లేనిదని చెప్పడానికి వీలు లేదు. టీకా తరువాత రక్తంలో రక్షణ ఏర్పడినదని నిరూపించడం, ఆ తరువాత కొంతకాలం వేచి ఉండడం అనే రెండు షరతులు ఈ కారణంగానే ఏర్పడ్డాయి. రక్తపరీక్ష వలన టీకా పనిచేసినదని తెలుస్తుంది. టీకాకు ముందే వైరస్ సోకి ఉంటే ఆ సంగతి నిరీక్షణ కాలంలో బయటపడుతుంది.

కుక్కలకు వేసే రేబీస్ టీకాను తయారుచేసే ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థ ప్రధాన కేంద్రం హైదరాబాదులోనే ఉన్నది. అయినప్పటికీ ఈ నగరం నుండి వెళ్ళే కుక్క విదేశీ చట్టం దృష్టిలో ప్రమాదకర ప్రాంతం నుండి వచ్చినదే. ఆ చట్టం మొదట చూసేది ఆ కుక్క ఏ దేశంలో నివసించినది అనే విషయాన్ని. అద్దాల మేడలో పెరిగినా, వీధిలో పెరిగినా ఈ విషయంలో భేదం లేదు.

పాటించవలసిన వరుసక్రమం

ఒక్కొక్క దేశపు నిబంధనలలో తేడాలు ఉన్నప్పటికీ, క్రింది వరుస దాదాపు అన్నిటికీ సమానమైనది.

1. మైక్రోచిప్: ఇది బియ్యపు గింజంత పరిమాణం గల పరికరం. పశువైద్యుడు దీనిని సూది ద్వారా మెడ వెనుక, భుజాల మధ్య చర్మం క్రింద ప్రవేశపెడతాడు. అంతర్జాతీయ ప్రమాణాలైన ఐఎస్ఓ 11784, 11785 లకు అనుగుణమైన చిప్‌లో 15 అంకెల సంఖ్య ఉంటుంది. దీనికి బ్యాటరీ ఉండదు. జంతువు ఎక్కడ ఉన్నదో ఇది తెలుపదు. స్కానరును దగ్గరకు తెచ్చినపుడు సంఖ్యను మాత్రమే చూపుతుంది. తరువాత వచ్చే ప్రతి పత్రం పైన ఈ సంఖ్యే ఉండాలి.

2. రేబీస్ టీకా: చిప్ అమర్చిన తరువాత గాని, అదే రోజున చిప్ అమర్చిన పిమ్మట గాని టీకా వేయించాలి. చిప్ లేనప్పుడు వేసిన టీకా ఏ జంతువుకు వేసినదో నిరూపించే ఆధారం లేదు కనుక అనేక దేశాలు దానిని లెక్కలోనికి తీసుకోవు. ఐరోపా సమాఖ్య, అమెరికా నిబంధనల ప్రకారం టీకా నాటికి జంతువు వయసు కనీసం 12 వారాలు ఉండాలి. టీకా పుస్తకంలో టీకా పేరు, బ్యాచి సంఖ్య, వేసిన తేదీ, గడువు తేదీ, వైద్యుని సంతకం, నమోదు సంఖ్య స్పష్టంగా ఉండడం అవసరం.

3. రక్తపరీక్ష: వాడుకలో దీనిని టైటర్ పరీక్ష అంటారు. సాధారణంగా టీకా వేసిన 30 రోజుల తరువాత రక్తం సేకరించి, చేరబోయే దేశం గుర్తించిన ప్రయోగశాలకు పంపుతారు. ప్రతిరక్షకాల స్థాయి ఒక మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు గాని, అంతకు మించి గాని ఉండాలి. గుర్తింపు లేని ప్రయోగశాల ఇచ్చిన ఫలితం ఎంత బాగున్నా చెల్లదు.

4. నిరీక్షణ కాలం: ఇది దేశాన్ని బట్టి 28 రోజుల నుండి 180 రోజుల వరకు ఉంటుంది. దీనిని సాధారణంగా రక్తం సేకరించిన తేదీ నుండి లెక్కిస్తారు. ఫలితం చేతికి వచ్చిన తేదీ నుండి కాదు.

5. ఆరోగ్య ధ్రువపత్రం: ప్రయాణానికి కొద్ది రోజుల ముందు ప్రభుత్వ అధికారి జంతువును, పత్రాలను పరిశీలించి దీనిని జారీ చేస్తారు. దీని చెల్లుబాటు కాలం చాలా తక్కువ. కావున పత్రాన్ని ముందుగా తీసుకొని దాచిపెట్టుకోవడం కుదరదు.

ఈ ఐదింటిలో మొదటి నాలుగు త్వరపడి పూర్తి చేయడానికి సాధ్యం కానివి. ఎంత ధనం వెచ్చించినా, ఎంతటివారి సిఫారసు ఉన్నా 30 రోజులు 30 రోజులే.

ఒక ఉదాహరణ

ఇంతవరకు చిప్ అమర్చని ఒక పెద్ద కుక్క ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఇంటిలో ఉన్నదనుకొందాం. జనవరి 1న దానికి చిప్ అమర్చి, టీకా వేయించినట్లయితే వేర్వేరు దేశాలకు లెక్క ఈ విధంగా ఉంటుంది.

• జర్మనీ: జనవరి 31న రక్తం సేకరించవచ్చును. ఆ తేదీ నుండి మూడు నెలలు గడవాలి. కాబట్టి మే నెల ఆరంభానికి ముందు ప్రయాణం సాధ్యపడదు.

• అమెరికా: జనవరి 31న రక్తం సేకరిస్తే, అక్కడికి 28 రోజులు గడిచిన తరువాత, అనగా ఫిబ్రవరి చివర లేదా మార్చి ఆరంభంలో ప్రవేశించవచ్చును. ప్రయోగశాల ఫలితం ఆలస్యమైతే ఈ తేదీ వెనుకకు జరుగుతుంది.

• జపాన్: 30 రోజుల వ్యవధి తరువాత రెండవ టీకా కూడా తప్పనిసరి. జనవరి 31న రెండవ టీకా వేయించి అదే రోజు రక్తం సేకరించినా, 180 రోజులు పూర్తయ్యేసరికి జులై చివరి రోజులు వస్తాయి.

కుక్కపిల్ల విషయంలో ఇంకొంత కాలం కలుస్తుంది. 12 వారాలు నిండిన తరువాతనే టీకా వేయాలి కనుక, హైదరాబాదులో పుట్టిన కుక్కపిల్ల ఐరోపా దేశంలో అడుగుపెట్టేసరికి దానికి సుమారు ఏడు నెలల వయసు వస్తుంది.

దీనిని బట్టి, విదేశీ ఉద్యోగం లేదా చదువు గురించిన ఆలోచన మొదలైనప్పుడే చిప్, టీకా, రక్తపరీక్ష పూర్తి చేయించడం ఉత్తమమని తెలుస్తున్నది. ఐరోపా సమాఖ్య, బ్రిటన్ విధానంలో ఒకసారి సంతృప్తికరమైన ఫలితం వచ్చిన తరువాత, టీకాను గడువు మీరకుండా వేయిస్తూ ఉంటే పరీక్షను మళ్ళీ చేయించనవసరం లేదు. గడువు ఒక్క రోజు మీరినా పరీక్ష మళ్ళీ మొదటికి వస్తుంది.

భారతదేశంలో పొందవలసిన అనుమతులు

భారతదేశంలో జంతువుల ఎగుమతి, దిగుమతుల ఆరోగ్య వ్యవహారాలను కేంద్ర ప్రభుత్వ పశుసంవర్ధక, పాడిపరిశ్రమ శాఖకు చెందిన జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవా విభాగం నిర్వహిస్తుంది. వాడుకలో దీనిని ఏక్యూసీఎస్ అంటారు. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు నగరాలలో దీని కేంద్రాలు ఉన్నాయి. శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైనది. నగరంలోనే ఏక్యూసీఎస్ కేంద్రం ఉండడం వలన జంతువు పరీక్ష కొరకు చెన్నైకో ముంబయికో వెళ్ళవలసిన అవసరం లేదు.

ఎగుమతి ధ్రువపత్రం కొరకు సాధారణంగా ఈ క్రింది పత్రాలు అవసరమవుతాయి.

• యజమాని పాస్‌పోర్టు, వీసా, విమాన టిక్కెట్ల నకళ్ళు
• టీకా పుస్తకం, మైక్రోచిప్ ధ్రువపత్రం
• నమోదైన పశువైద్యుడు ఇచ్చిన శారీరక యోగ్యతా పత్రం
• రక్తపరీక్ష నివేదిక, అవసరమైన దేశాలకు
• చేరబోయే దేశం జారీ చేసిన దిగుమతి అనుమతి, అవసరమైన దేశాలకు
• జంతువు ఛాయాచిత్రాలు

అధికారి జంతువును స్వయంగా పరీక్షించి, చిప్ సంఖ్యను సరిచూసి ధ్రువపత్రాన్ని జారీ చేస్తారు. చేరబోయే దేశం తన సొంత నమూనాలో పత్రాన్ని కోరినట్లయితే దానిని కూడా పూరించి ఈ అధికారి చేతనే ధ్రువీకరింపజేసుకోవాలి. ఇంటికి దగ్గరలోని ప్రైవేటు పశువైద్యుని సంతకం ఒక్కటే ఇందుకు సరిపోదు. పత్రాలలో కుక్క పేరు, జాతి, రంగు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉండాలి. టీకా పుస్తకంలో ఒక వయసు, ధ్రువపత్రంలో మరొక వయసు ఉంటే ఆ తేడా విదేశీ విమానాశ్రయంలో బయటపడుతుంది. అక్కడ దానిని సరిదిద్దుకోవడం చాలా కష్టం.

వివిధ దేశాల నిబంధనలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలు: తెలుగువారు అధికంగా తరలివెళ్ళే ఈ దేశంలో నిబంధనలు ఇటీవల బాగా మారాయి. 2021 జులై 14 నుండి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, భారతదేశం సహా రేబీస్ ప్రమాదం ఎక్కువగా ఉన్న దేశాల నుండి కుక్కల రాకను తాత్కాలికంగా నిలిపివేసి, పరిమిత అనుమతులు మాత్రమే ఇచ్చినది. 2024 ఆగస్టు 1 నుండి కొత్త నియమావళి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారం కుక్క వయసు కనీసం ఆరు నెలలు ఉండాలి. చిప్, ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన రేబీస్ టీకా పత్రం, సంస్థ వారి కుక్కల దిగుమతి దరఖాస్తు రసీదు తప్పనిసరి. భారతదేశంలో టీకా వేయించుకొన్న కుక్క, సంస్థ వద్ద నమోదైన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. నియమావళి అమలులోనికి వచ్చిన నాటికి అట్లాంటా, న్యూయార్కు, లాస్ ఏంజెలెస్, మయామి, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ నగరాలలో మాత్రమే ఇటువంటి కేంద్రాలు ఉన్నాయి. ఆ కేంద్రంలో ముందుగానే చోటు కేటాయింపు పొందాలి. అక్కడ కుక్కను పరీక్షించి మరొకసారి టీకా వేస్తారు. చెల్లుబాటయ్యే రక్తపరీక్ష లేనట్లయితే యజమాని ఖర్చుతో 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. షరతులు పాటించని కుక్కను తిప్పి పంపుతారు. కావున డల్లాస్‌కో చికాగోకో వెళ్ళే కుటుంబం తన సొంత టిక్కెట్టును కూడా కుక్క దిగవలసిన నగరాన్ని బట్టి ఎంచుకోవలసి వస్తుంది. పిల్లులకు ఈ సంస్థ రేబీస్ టీకా పత్రాన్ని కోరదు. అయితే రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండవచ్చును. హవాయి రాష్ట్రానికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి.

ఐరోపా సమాఖ్య: చిప్, టీకా, రక్తపరీక్ష, రక్తం సేకరించిన నాటి నుండి మూడు నెలల నిరీక్షణ, అధికారిక ధ్రువపత్రం అవసరం. ధ్రువపత్రం జారీ అయిన 10 రోజులలోపు సరిహద్దు తనిఖీ జరగాలి. యజమాని ప్రయాణానికి, జంతువు ప్రయాణానికి మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉంటే దానిని వ్యాపార రవాణాగా పరిగణిస్తారు. దానికి నిబంధనలు వేరు. కొన్ని దేశాలు కొన్ని జాతుల కుక్కలను నిషేధించాయి. జర్మనీ 2001 నాటి చట్టం ద్వారా పిట్ బుల్ వంటి జాతుల దిగుమతిని అడ్డుకొన్నది.

బ్రిటన్: ఒకప్పుడు ఈ దేశానికి వెళ్ళే ప్రతి కుక్కా, పిల్లీ ఆరు నెలలు క్వారంటైన్‌లో గడపవలసి వచ్చేది. 2000 సంవత్సరంలో ప్రారంభించిన పెంపుడు జంతువుల ప్రయాణ పథకం క్రమంగా ఆ పద్ధతిని తొలగించినది. ఇప్పుడు భారతదేశం నుండి వెళ్ళే జంతువుకు చిప్, టీకా, రక్తపరీక్ష, మూడు నెలల నిరీక్షణ అవసరం. వీటితో పాటు కుక్కలకు ప్రవేశానికి 24 గంటల నుండి 120 గంటల ముందు పశువైద్యుడు బద్దెపురుగుల మందు వేసి, ఆ సమయాన్ని పత్రంలో నమోదు చేయాలి. విమానంలో వచ్చే జంతువులు, సహాయక కుక్కలు మినహా, కార్గోగా రావలసి ఉంటుంది.

ఆస్ట్రేలియా: ఈ దేశం ఆమోదించిన దేశాల జాబితాలో భారతదేశం లేదు. అందువలన హైదరాబాదు నుండి కుక్కను గాని, పిల్లిని గాని నేరుగా పంపడం సాధ్యం కాదు. ఆమోదిత దేశం ఒకదానికి మొదట తరలించి, అక్కడి నుండి సన్నాహాలు పూర్తి చేయాలి. చేరిన తరువాత మెల్బోర్న్ సమీపంలోని మికిల్‌హామ్ ప్రభుత్వ కేంద్రంలో క్వారంటైన్ తప్పదు.

జపాన్: 1957 తరువాత ఈ దేశపు జంతువులలో రేబీస్ లేదు. రెండు టీకాలు, రక్తపరీక్ష, 180 రోజుల నిరీక్షణతో పాటు చేరడానికి కనీసం 40 రోజుల ముందు జంతు క్వారంటైన్ సేవా విభాగానికి తెలియజేయాలి. నిరీక్షణ పూర్తి కాకుండా చేరిన జంతువును మిగిలిన రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు.

ఐక్యరాజ్య అరబ్ ఎమిరేట్స్: బయలుదేరడానికి ముందే ఆ దేశపు వాతావరణ మార్పు, పర్యావరణ మంత్రిత్వ శాఖ నుండి దిగుమతి అనుమతి పొందాలి. నిషేధిత జాతుల జాబితాను అనుమతికి ముందే చూసుకోవాలి.

కెనడా: భారతదేశం సహా రేబీస్ ప్రమాదం ఎక్కువగా ఉన్న దేశాల నుండి వ్యాపార నిమిత్తం కుక్కల రాకను 2022 సెప్టెంబరు 28 నుండి నిషేధించినది. యజమానితో పాటు వెళ్ళే సొంత పెంపుడు కుక్కకు ఈ నిషేధం వర్తించదు. దత్తత కొరకు ఇతరులకు పంపే కుక్కలను మాత్రం వ్యాపార నిమిత్తం పంపినట్లే పరిగణిస్తారు.

నిబంధనలు తరచుగా మారుతుంటాయి కనుక, ప్రయాణ ఏర్పాట్లకు ముందు ఆయా దేశాల అధికారిక ప్రకటనలను సరిచూసుకోవడం అవసరం.

విమాన ప్రయాణం

పెంపుడు జంతువులు విమానంలో మూడు విధాలుగా ప్రయాణిస్తాయి: ప్రయాణికుల గదిలో యజమానితో పాటు, సామానుతో పాటు, లేదా విడిగా కార్గోగా. మొదటి పద్ధతికి చిన్న జంతువులను మాత్రమే అనుమతిస్తారు. అది కూడా విమాన సంస్థను, చేరబోయే దేశాన్ని బట్టి ఉంటుంది.

పెట్టె విషయంలో అంతర్జాతీయ విమాన రవాణా సంఘం రూపొందించిన సజీవ జంతువుల నియమావళిని విమాన సంస్థలు పాటిస్తాయి. దాని ప్రకారం జంతువు పెట్టెలో తల తగలకుండా నిలబడగలగాలి, వెనుకకు తిరగగలగాలి, సహజంగా పడుకోగలగాలి. గాలి తగినంత ఆడాలి. నీటి గిన్నెను బయటి నుండి నింపే వీలు ఉండాలి. మత్తుమందు ఇచ్చి పంపడం ప్రమాదకరం. మత్తులో ఉన్న జంతువు ఊపిరిని, శరీర ఉష్ణోగ్రతను సరిగా అదుపు చేసుకోలేదు. దానికి బదులుగా ప్రయాణానికి కొన్ని వారాల ముందు నుండి పెట్టెను ఇంటిలో తెరచి ఉంచి, అందులోనే ఆహారం పెట్టి అలవాటు చేయడం మంచి పద్ధతి.

పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి వంటి చప్పిడి ముక్కు జాతులకు వేడిలో ఊపిరి తీసుకోవడం కష్టం. 2003లో హచ్ మొబైల్ సంస్థ ప్రకటనలలో కనిపించిన తరువాత పగ్ కుక్కలు మన దేశంలో విశేషంగా ఆదరణ పొందాయి. అనేక విమాన సంస్థలు ఈ జాతులను కార్గోలో తీసుకొనిపోవడానికి నిరాకరిస్తాయి, లేదా వేసవిలో అనుమతించవు. హైదరాబాదు ఎండలను దృష్టిలో ఉంచుకొని రాత్రివేళ బయలుదేరే విమానాన్ని, వీలైనంత తక్కువ విరామాలు గల మార్గాన్ని ఎంచుకోవడం మేలు. మధ్యలో ఆగే దేశానికి కూడా సొంత నిబంధనలు ఉండవచ్చునని మరువరాదు.

పక్షులు, తాబేళ్ళు, ఇతర ప్రాణులు

రామచిలుకను పంజరంలో పెంచుకోవడం తెలుగు ఇళ్ళలో పాత అలవాటే. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, ఇంటిలో ఉంచుకోవడం నేరం. అటువంటి పక్షిని విదేశాలకు తీసుకొనిపోవడానికి ఏ పత్రమూ లభించదు. నక్షత్ర తాబేలు కూడా రక్షిత ప్రాణియే. 2019లో దీనిని అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ మొదటి అనుబంధంలో చేర్చారు. ఆఫ్రికా బూడిదరంగు చిలుక వంటి విదేశీ జాతులకు కూడా ఈ ఒప్పందం వర్తిస్తుంది. చట్టబద్ధంగా కొన్నప్పటికీ, ఎగుమతికి, దిగుమతికి వేర్వేరుగా అనుమతులు అవసరం. కుక్కలు, పిల్లులకు వర్తించే సులభ మార్గం వీటికి లేదు.

తిరిగి స్వదేశానికి రాక

విదేశాల నుండి తిరిగివచ్చే కుటుంబాలకు కూడా నిబంధనలు ఉన్నాయి. భారతదేశంలో జంతువుల దిగుమతికి మూల చట్టం 1898 నాటిది. విదేశంలో రెండేళ్ళు నిరంతరంగా నివసించి, నివాసాన్ని భారతదేశానికి మార్చుకొనేవారు సాధారణంగా రెండు పెంపుడు జంతువుల వరకు తీసుకొనిరావచ్చును. ఇందుకు ఏక్యూసీఎస్ నుండి నిరభ్యంతర పత్రాన్ని ముందుగానే పొందాలి. ఈ పరిధిలోనికి రానివారు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుండి లైసెన్సు పొందవలసి ఉంటుంది. వ్యాపారానికి కుక్కల దిగుమతి 2016 ఏప్రిల్ నుండి నిషేధించబడినది.

అమెరికా నుండి కొద్ది నెలల కొరకు హైదరాబాదు వచ్చేవారు మరొక విషయాన్ని గమనించాలి. అమెరికాలో టీకా వేయించుకొన్న కుక్క తిరిగి వెళ్ళేటప్పుడు, ఆ టీకాను అమెరికా వ్యవసాయ శాఖ ధ్రువీకరించిన పత్రం ఉంటే ఏ విమానాశ్రయంలోనైనా దిగవచ్చును. ఆ పత్రాన్ని అమెరికా విడిచిరాక మునుపే పొందాలి. ఇక్కడికి వచ్చిన తరువాత పొందే అవకాశం లేదు.

ప్రసిద్ధమైన సంఘటనలు

హాలీవుడ్ నటుడు జానీ డెప్ 2015లో చిత్రీకరణ నిమిత్తం ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు ఆయన రెండు చిన్న కుక్కలు, పిస్టల్, బూ, అనుమతి లేకుండా సొంత విమానంలో ఆ దేశానికి చేరాయి. సంగతి బయటపడగానే, కుక్కలను వెంటనే వెనుకకు పంపాలని, లేనిచో వాటిని చంపవలసి వస్తుందని ఆనాటి వ్యవసాయ మంత్రి బార్నబీ జాయిస్ హెచ్చరించారు. కుక్కలను తిప్పి పంపారు. అయినప్పటికీ కేసు ఆగలేదు. ప్రవేశ పత్రంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్లు ఆనాటి ఆయన భార్య, నటి ఆంబర్ హర్డ్ 2016 ఏప్రిల్‌లో న్యాయస్థానంలో అంగీకరించారు. చట్టం ముందు కీర్తి పనిచేయదని చెప్పడానికి ఈ ఉదంతాన్ని తరచుగా ఉదహరిస్తారు.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు, అక్కడ చదువుకొంటున్న భారతీయ విద్యార్థులలో కొందరు తమ పెంపుడు జంతువులను విడిచి రావడానికి నిరాకరించారు. యుద్ధభూమిలో టీకా పత్రాలు, నిరభ్యంతర పత్రాలు సేకరించడం అసాధ్యం కనుక, కుక్కలను, పిల్లులను యజమానులతో పాటు తీసుకొనిరావడానికి భారత ప్రభుత్వం ఆ సందర్భానికి మాత్రమే వర్తించే సడలింపు ఇచ్చినది. కొందరు విద్యార్థులు ఆపరేషన్ గంగ విమానాలలో తమ జంతువులతో స్వదేశానికి చేరారు.

అదే సమయంలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకుకు చెందిన ఒక వైద్యుడు ఉక్రెయిన్ తూర్పు ప్రాంతంలో తాను పెంచుతున్న నల్ల చిరుత, మరొక సంకరజాతి చిరుతలతో ఉండిపోయారు. చిరంజీవి నటించిన లంకేశ్వరుడు చిత్రం చూసి ఈ ఆసక్తి కలిగినదని ఆయన పత్రికలకు తెలిపారు. ప్రభుత్వ సడలింపు కుక్కలు, పిల్లులకే పరిమితం. చిరుతలు వన్యప్రాణుల చట్టాల పరిధిలోనికి వస్తాయి. చివరకు ఆయన వాటిని అక్కడే ఒకరి సంరక్షణలో ఉంచి ఉక్రెయిన్ విడిచిపెట్టవలసి వచ్చినది. ఒకే యుద్ధంలో, ఒకే దేశస్థుల విషయంలో ఫలితం ఇంత భిన్నంగా ఉండడానికి కారణం, పెంచుకొన్న ప్రాణి ఏ చట్టం క్రిందికి వస్తుందన్నదే.

వెంట తీసుకొనిపోలేనప్పుడు

వృద్ధాప్యం, గుండెజబ్బు, నిషేధిత జాతి, చేరబోయే ఇంటిలో జంతువులకు అనుమతి లేకపోవడం వంటి కారణాల వలన కొన్ని జంతువులను తీసుకొనిపోవడం సాధ్యం కాదు. అటువంటప్పుడు నమ్మకమైన కుటుంబానికి ముందుగానే అలవాటు చేసి, టీకా పుస్తకంతో సహా అప్పగించడం సరైన మార్గం. చిప్ నమోదులో యజమాని పేరు, చిరునామా మార్పించాలి. శరణాలయాలలో స్థలం పరిమితం. ఇంటిలో పెరిగిన జంతువు అక్కడి గుంపులో ఇమడడం కష్టం.

వీధిలో విడిచిపెట్టడం మాత్రం నేరం. జంతు హింస నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షను ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును తగిన కారణం లేకుండా వదిలివేయడం శిక్షార్హం. అయితే మొదటి తప్పుకు ఆ చట్టం విధించిన జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకు మాత్రమే. ఒక కుక్కను సరిహద్దు దాటించడానికి నెలల సన్నాహాన్ని, పత్రాల కట్టను కోరే చట్టాలు ఉన్నాయి. దానిని వీధి పాలు చేయకుండా ఆపడానికి ఉన్న చట్టం బలం ఇంతే. కాబట్టి ఆ జంతువు భవిష్యత్తు, ప్రయాణానికి ఎన్ని నెలల ముందు యజమాని దాని గురించి ఆలోచించాడు అనే దానిపైనే ఆధారపడి ఉంటుంది.